పైన కృప, కింద కృప

చదివేవాళ్ళందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదండి. మాది హంసలదీవి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. నాలుగో తరగతి మధ్యలో పలక పక్కన పెట్టి మా నాన్న పడవ ఎక్కాను. ఆ తర్వాత ఈ చేత్తో రాసిందల్లా సంతకమే. ఒత్తులు ఎక్కడ పడాలో నా నోటికి తెలుసు, చేతికి తెలియదు. ఇందులో అక్షరం తప్పు కనిపిస్తే నవ్వుకోండి, కానీ చదవడం మాత్రం ఆపకండి.

ఇది రాయమన్నది మా ఇంజనీరమ్మాయి. గుడ్లవల్లేరు కాలేజీలో చదివి, మా నెట్ కంపెనీ గుడివాడ ఆఫీసులో చేరింది. ఇప్పుడు పెద్ద ఉద్యోగం చేస్తోంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి పని నేర్పేటప్పుడు నా సంగతొకటి ఎప్పుడూ చెప్తుందట. “నేను చెప్తే కథలా ఉంటోంది బాబాయ్, మీరే రాసివ్వండి” అంది. నేను నోటితో చెప్తాను, నువ్వు రాసుకోమన్నాను. “అప్పుడు నా రాత అవుతుంది, మీది కాదు” అంది. అంత చదువుకున్న పిల్ల అలా అంటే కాదనలేక పెన్ను పట్టుకున్నాను. పెన్ను జారిపోతోంది. స్తంభం ఎక్కేటప్పుడు కూడా నా పట్టు ఎప్పుడూ ఇలా జారలేదు.

నేను పడవ దిగి బందరు వచ్చాక కేబుల్ టీవీ లైన్‌మన్‌గా చేరాను. తర్వాత అదే కేబుల్ మీద నెట్ వచ్చింది, నా ఉద్యోగం కూడా దాంతోపాటే మారింది. వైరు పని నాకు కష్టం కాలేదు. వల అల్లిన చేతులు కదా. వైరు లోపల ఉండే సన్న తీగల్ని ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టి క్లిప్పు నొక్కాలో ఒకసారి చూపిస్తే పట్టేశాను. కష్టమంతా స్క్రీన్ దగ్గరే వచ్చింది. ఆఫీసు నుంచి ఫోన్లో “స్క్రీన్ మీద ఏముంది?” అని అడిగేవాళ్ళు. నేను “నీలం డబ్బా ఉందండీ, పక్కన తాళంకప్ప బొమ్మ ఉంది” అనేవాణ్ణి. అవతల నవ్వులు వినపడేవి. నేనూ నవ్వేవాణ్ణి, ఏం చేస్తాను.

ఇంజనీరమ్మాయి చేరిన కొత్తలో ఒకరోజు నవ్వకుండా ఒక మాట అడిగింది.

“బాబాయ్, మీకు స్తంభాలన్నీ గుర్తుంటాయి కదా?”

“బందరు నుంచి నాగాయలంక దాకా ఏ స్తంభం ఎటు వంగిందో చెప్తానమ్మా.”

“అయితే అక్షరాలూ వస్తాయి. పి అంటే తల మీద డబ్బా ఉన్న స్తంభం. ఆర్ అంటే అదే స్తంభం పడిపోకుండా కిందికి స్టే వైరు లాగి కట్టినట్టు. ఎ అంటే రెండు కాళ్ళ నిచ్చెన. యు అంటే హుక్కు.”

“మరి కె?”

“స్తంభానికి పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి కర్రలు ఆన్చినట్టు.”

అంతే. ఇంగ్లీషు నాకు అలా వచ్చింది. మాటలు చదవడం ఇప్పటికీ రాదు, అక్షరాలు మాత్రం ఒక్కొక్కటీ చెప్పగలను. రోడ్డు మీద బోర్డులన్నీ స్తంభాల వరసలాగే కనిపించేవి. బస్సులో కూర్చుని పెదాలు కదుపుతూ చదువుకుంటుంటే పక్కనాయన జపం చేస్తున్నాననుకుని కాళ్ళు ముడుచుకున్నాడు ఒకసారి.

ఇక అసలు సంగతి.

అవనిగడ్డ దాటి నాగాయలంక వెళ్ళే రోడ్డు మీద ఒక మేడ ఉంది. కింద ఇల్లు, పైన ఫొటో స్టూడియో. ఆ చుట్టుపక్కల చర్చిలో పెళ్ళయినా, మా కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం గుళ్ళో పెళ్ళయినా ఆ స్టూడియో ఆయనే ఫొటోలు తీసేవాడు. పెళ్ళికూతుర్ని సున్నం కొట్టినట్టు తెల్లగా చెయ్యకుండా, ఎలా ఉన్నదాన్ని అలాగే అందంగా చూపించేవాడని ఆయనకి పేరు. ఒక ఊరేగింపులో ట్రాక్టర్ ట్రక్కు మీద నిలబడి తీస్తూ, అందరూ ఫొటోలో పట్టాలని వెనక్కి జరిగి జరిగి కింద పడ్డాడు. నడుం దెబ్బతింది. కాళ్ళు కదలవు. “బతుకంతా జనాన్ని వెనక్కి జరగండి, వెనక్కి జరగండి అన్నాను బావా, ఆ రోజు నేనే జరిగాను” అనేవాడు. నవ్వాలో వద్దో తెలిసేది కాదు.

నన్ను బావా అనడానికి కారణం ఉంది. మొదటిసారి లైను వేయడానికి వెళ్ళినప్పుడే వాళ్ళావిడ నన్ను అన్నయ్యగారూ అంది. ఆవిడకి అన్నయ్యనైతే ఆయనకి బావనే కదా. అలా ఆయన తల్లి నాకు అత్తయ్యగారయింది. వాళ్ళు క్రైస్తవులు, మేము గంగమ్మకి మొక్కేవాళ్ళం. ఆ ఇంట్లో వరసలకి అది అడ్డం రాలేదు.

ఆ ఇంటి గేటు మీద సిమెంటు అక్షరాలతో ‘కృప’ అని ఉంటుంది. ఉప్పెనలో ఉన్నదంతా పోయి మళ్ళీ ఇల్లు కట్టుకున్నప్పుడు అత్తయ్యగారి భర్త పెట్టిన పేరట. ఆ ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు ప్రార్థన, తర్వాత దాని మీద ఆ పేరు. స్కూటర్ ముందు కృప. గ్రైండర్ మీద కృప. స్టీలు సామాను మీదైతే గరిటెలతో సహా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టించారు. మా పల్లెలో కొత్త పడవకి పసుపు కుంకుమ పెట్టి అమ్మవారి పేరు రాసుకుంటాం. కాబట్టి నాకది వింతగా అనిపించలేదు. అదే కొంప ముంచింది.

ఆయన పడ్డాక స్టూడియో పని ఆవిడ మీద పడింది. పాత ఫొటోలున్న కంప్యూటరూ, ఆల్బమ్ ప్రింటరూ పైనే ఉన్నాయి. కిందకి దించుదామంటే అత్తయ్యగారు ఒప్పుకోలేదు. నీళ్ళొస్తే ముందు పోయేవి కింద ఉన్నవేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందుకని ఆయన మంచం పక్కన కొత్త కంప్యూటర్ ఒకటి పెట్టారు. ఆవిడ పైన ఫొటోలు ఏరితే, ఆయన కింద వాటిని దిద్దాలి. దిద్దినవి మళ్ళీ పైకి వెళ్ళి ప్రింటవ్వాలి. అది జరగాలంటే రెండు కంప్యూటర్లూ ఒకదానికొకటి కనిపించాలి.

“నెట్ ఇచ్చావు సరే బావా. నా పెళ్ళాం పైన, నేను కింద. మా ఇద్దరికీ మధ్య వైరు వేసి పుణ్యం కట్టుకో” అన్నాడు ఆయన.

“వైరు వేస్తే మాట్లాడుకుంటారా?”

“మాటలకి వైరెందుకు, ఆవిడ గొంతు అవనిగడ్డ దాకా వినపడుద్ది. ఫొటోలే రావట్లేదు.”

వైరు వేశాను. రెండింట్లోనూ నెట్ వచ్చింది. పైకెళ్ళి, పక్క కంప్యూటర్లు కనిపించే చోటు తెరవమన్నాను. ఆవిడ తెరిచి, “కనిపిస్తోందన్నయ్యగారూ, కృప అని ఉంది” అంది. చిన్న కంప్యూటర్ బొమ్మ, దాని కింద పేరు. కిందకొచ్చి అదే చోటు చూశాం. అక్కడా కృప కనిపిస్తోంది. పైనా కనిపిస్తోంది, కిందా కనిపిస్తోంది, ఇంకేం కావాలి? మజ్జిగ తాగి, పని అయిపోయిందని ఆఫీసుకి చెప్పి బందరు బస్సెక్కాను.

మర్నాడే ఫోను. ఫొటోలు రావట్లేదని.

మళ్ళీ వెళ్ళేసరికి మొగుడూ పెళ్ళాం మేడ మీదికీ కిందికీ కేకలేసుకుంటున్నారు.

“పెట్టానండీ. కృపలోనే పెట్టాను.”

“కృప తెరుచుకునే కూర్చున్నాను. ఏదీ?”

“సరిగ్గా చూడండి.”

“పోయింది నడుం. కళ్ళు ఉన్నాయి.”

“అయితే నేను అబద్ధం చెప్తున్నానా? ఇదిగో, ఇక్కడ కనిపిస్తున్నాయి.”

“నీకు కనిపిస్తే చాలా, నాకు కనిపించొద్దూ?”

నేను వైరుని అనుమానించాను. ఎలుక కొరికిందేమోనని పొడుగంతా వేళ్ళతో తడిమి చూశాను. క్లిప్పులు కోసి కొత్తవి నొక్కాను. ఫలితం లేదు. మా ఆఫీసులో సీనియర్ ఒకాయన వచ్చి చూశాడు. మంచివాడు, ఎండలో అంత దూరం వచ్చాడు. “రెండిట్లో నెట్ వస్తోంది. మన బాధ్యత అంతవరకే. మిగతాది కావాలంటే రెండూ ఫార్మాట్ కొట్టించుకోమనండి” అన్నాడు. రూలు ప్రకారం ఆ మాట కరెక్టే. కానీ పైన కంప్యూటర్లో ఆ చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఉన్నాయి. ఫార్మాట్ కొడితే అవన్నీ చెరిగిపోతాయి, ఆ మాట వినగానే ఆవిడ కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడింది.

ఇక పెన్ డ్రైవే దిక్కయింది. ఆవిడ పైన ఎక్కించుకుని కిందికి దిగడం, ఆయన దిద్దాక మళ్ళీ పైకెక్కడం. మెట్లు ఇంటి బయట ఉంటాయి, పక్కన గోడ లేదు. వానాకాలం పాచి పట్టింది. ఒకరోజు ఆవిడ కాలు జారి, చీర కొంగు మేకుకి పట్టుకోబట్టి ఆగింది. ఆయన మంచం మీద నుంచి ఆ చప్పుడు విన్నాడు. లేచి వెళ్ళి చూడలేడు. పిలిస్తే ఆవిడ వెంటనే పలకలేదట.

ఆ సాయంత్రమే గుడివాడలో స్టూడియో నడిపే ఒకాయనకి ఫోన్ చేశాడు. ప్రింటరూ, కంప్యూటర్లూ, కెమెరాలూ అన్నీ అమ్మేస్తానన్నాడు. శనివారం మధ్యాహ్నం వచ్చి చూసుకుంటానన్నాడు ఆ గుడివాడ ఆయన.

ఇది నాకు ఆవిడే ఫోన్లో చెప్పింది. “ఈ ఇంట్లో ఒకళ్ళం పడ్డాం, చాలు అంటున్నారన్నయ్యగారూ. నేను పడనండీ అంటే వినరు. అవి పోతే పొద్దున్న లేచి ఆయన ఏం చేస్తారు? ఫొటో దిద్దుతున్నంతసేపే మనిషి మనిషిలా ఉంటున్నారు. శనివారం లోపల ఒక్కసారి వచ్చి చూడండి.”

ఆవిడ మా కంపెనీని అడగలేదు. అన్నయ్యని అడిగింది. ఇంజనీరమ్మాయికి చెప్పాను. “శనివారం పొద్దున్న వెళ్ళండి బాబాయ్. నేను లైన్లో ఉంటాను. అక్షరం అక్షరం చూద్దాం” అంది.

శనివారం పొద్దున్నే చల్లపల్లి మీదుగా బండి మీద వెళ్ళాను. ఆయన పలకరించాడు గానీ నవ్వలేదు. మంచం పక్కన కంప్యూటర్ మీద అప్పటికే గుడ్డ కప్పేశాడు.

“ఎందుకు బావా ఇంత దూరం. మధ్యాహ్నానికి ఇవి మావి కావు.”

“మధ్యాహ్నం దాకా మీవే కదా” అని గుడ్డ తీశాను.

ఫోను చెవికి పెట్టుకుని పైకి కిందికి తిరగడం మొదలైంది. ఇది చదివే కుర్రాళ్ళకి తెలిసినవే కాబట్టి పొడిగించను. రెండూ ఒకే రౌటర్ మీద ఉన్నాయా, నెట్‌వర్క్ ప్రైవేట్‌లో పెట్టారా, షేరింగ్ ఆన్ చేశారా, అన్నీ అడిగింది. అన్నీ ఉన్నాయి. అత్తయ్యగారు నేను ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి “యేసయ్యా” అనుకుంటోంది. అది నా మోకాళ్ళ కోసమో, కంప్యూటర్ కోసమో తెలియదు.

“సరే బాబాయ్, ఇప్పుడు ప్రతి కంప్యూటర్‌కీ దాని సొంత పేరొకటి ఉంటుంది. అది చూద్దాం” అంది. ఎక్కడ నొక్కాలో చెప్పింది. పైన కంప్యూటర్లో ఆ పేరు వచ్చింది. చదవమంది.

చదివాను. కర్రలు ఆన్చిన స్తంభం, కె. డబ్బా, స్టే వైరు, ఆర్. హుక్కు, యు. డబ్బా స్తంభం, పి. నిచ్చెన, ఎ.

“మంచిది. ఇప్పుడు కిందకెళ్ళి దానిది చదవండి.”

దిగాను. అదే చోటు తెరిచాను. చదివాను. కె, ఆర్, యు, పి, ఎ.

“బాబాయ్, మీరు ఇందాకటిదే మళ్ళీ చెప్తున్నారు.”

“లేదమ్మా, కింద ఉన్నాను.”

“కిందే ఉన్నారు. చదివింది మాత్రం పైది. అలసిపోయారు, కాసేపు కూర్చుని నెమ్మదిగా చదవండి.”

నా మీద నాకే అనుమానం వచ్చింది. చదువు రానివాడికి ఇదే బాధ. కళ్ళ ముందున్నది తప్పో, మన చూపు తప్పో తేల్చుకోలేం. చదువుకున్న పిల్ల తప్పంటే తప్పే అయ్యుంటుందనుకుని మళ్ళీ మొదట్నుంచీ చూశాను. అవే స్తంభాలు, అదే నిచ్చెన.

అప్పుడే అత్తయ్యగారు మజ్జిగ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. తాగబోతే గ్లాసు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు కంటికి అడ్డం వచ్చాయి. అలవాటు కొద్దీ పెదాలు కదిపాను. కె, ఆర్, యు, పి, ఎ. గ్లాసుని స్క్రీన్ పక్కన పెట్టి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసుకున్నాను. ఒక్కటీ తేడా లేదు.

“అమ్మా, నేను సరిగ్గానే చదివాను. గ్లాసు మీద కూడా అదే ఉంది.”

“ఏ గ్లాసు బాబాయ్?”

“మజ్జిగ గ్లాసు.”

ఎండకి నాకేమైనా అయిందనుకుందేమో. “ఫోను ఆ స్టూడియో మేడంకివ్వండి” అంది. ఇచ్చాను. స్పీకర్లో పెట్టుకున్నారు.

“మేడం, కింద కంప్యూటర్ పేరేంటండీ?”

“కృప అండీ.”

“పైన దాని పేరు?”

“అదీ కృపేనండీ.”

“రెండింటికీ ఎవరు పెట్టారండీ?”

“నేనే. మా ఇంట్లో ఏ వస్తువొచ్చినా అదే పెడతామండీ. కొత్తది కొన్నప్పుడు ప్రార్థన చేయించి, పాతదానికి ఉన్నట్టే దీనికీ పెట్టాను. ఏం, పెట్టకూడదా?”

ఇంజనీరమ్మాయి నవ్వడం మొదలెట్టింది. నన్ను చూసి ఎప్పుడూ నవ్వని పిల్ల, నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత విడమర్చి చెప్పింది. పైన కంప్యూటర్లో కృపని తెరిస్తే అది తననే తెరుచుకుంటోంది. కిందదీ అంతే. ఆవిడ ఫొటోలు పంపించానని పైన కంప్యూటర్లోనే పెట్టుకుంటోంది. ఆయన కింద తన కంప్యూటర్లోనే వెతుక్కుంటున్నాడు. ఇద్దరూ నిజమే చెప్పుకుంటూ అన్నాళ్ళూ పోట్లాడుకున్నారు. మేమందరం కూడా ‘కృప కనిపిస్తోంది’ అన్న మాట విని వెనక్కి తిరిగాం. ఏ కృప అని ఒక్కరం అడగలేదు.

“అయితే పేరు తీసేస్తారా?” అంది అత్తయ్యగారు. “ఆయన పెట్టిన పేరబ్బాయ్ అది. ఇన్ని గిన్నెలకి అదే పేరుంది, ఏనాడన్నా గొడవొచ్చిందా?”

దానికి సమాధానం కోడలు చెప్పింది. “గిన్నె పక్కింటికి కూరతో వెళ్తే పేరు చూసి తిరిగొస్తుందత్తయ్యా. మన ఇంట్లో మనం పెరుగు గిన్నె, పప్పు గిన్నె అనేగా అంటాం. అన్నిట్నీ కృపా అని పిలిస్తే అన్నం తిన్నట్టే.”

అత్తయ్యగారు ఆలోచించింది. “మరయితే కృప ఉంచి, వెనకాల ఏదన్నా తగిలించండి.”

అలా పైనదానికి ‘కృప పైన’ అనీ, కిందదానికి ‘కృప కింద’ అనీ ఖాయమైంది. మధ్యలో చిన్న గీత పెట్టాలంది ఇంజనీరమ్మాయి.

“నన్ను కిందే ఉంచారన్నమాట” అన్నాడు ఆయన. ఆ పొద్దున్న అదే మొదటి హాస్యం.

“ఎప్పుడూ ఉన్నచోటేగా” అంది ఆవిడ, మెట్ల వైపు వెళ్తూ.

పేర్లు మార్చి రెండూ ఆపి మళ్ళీ ఆన్ చేస్తుండగా గేటు దగ్గర కారు ఆగింది. గుడివాడ ఆయన. అనుకున్నదానికన్నా ముందే వచ్చాడు. నేరుగా పైకొచ్చి ప్రింటర్ మూత తీసి చూడటం మొదలెట్టాడు. చూపు చూస్తే పనితనం తెలిసిన మనిషే. ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుంది. నేను వెనకాల నిలబడ్డాను. పక్క కంప్యూటర్ల చోటు తెరిచాం. ఒక బొమ్మ వచ్చింది. కాసేపటికి దాని పక్కనే ఇంకో బొమ్మ వచ్చింది. రెండో దాని పేరులో గీత తర్వాత మళ్ళీ కర్రలు ఆన్చిన స్తంభం, కె, ఉంది. అంటే కింద.

ఆవిడ ఒక పెళ్ళికూతురి ఫొటో పట్టుకుని అందులోకి లాగింది. చిన్న పచ్చ గీత నిండింది. కింద నుంచి చప్పుడు లేదు. గుడివాడ ఆయన కెమెరా పెట్టె తెరుస్తున్నాడు. కింద నుంచి చప్పుడు లేదు. ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

అప్పుడు వినపడింది ఆయన కేక.

“ఏవే, ఈ పిల్ల ముక్కుపుడక నీడ పెదవి మీద పడింది కనపడట్లా? కళ్ళు పెట్టుకుని ఏరావా ఇది? దీని ముందుదీ వెనకదీ కూడా పంపు.”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తిట్టు వినడానికి ఆవిడ ఎన్నాళ్ళుగా ఎదురుచూసిందో నాకు అప్పుడు తెలిసింది. ఫొటో అందిందని చెప్పలేదు ఆయన. నేరుగా పనిలోకి దిగిపోయాడు.

నా చేతిలో ఫోను ఇంకా ఆన్‌లోనే ఉంది. “ఏమైంది బాబాయ్, వచ్చిందా?”

“తిట్లు వస్తున్నాయమ్మా.”

“అయితే లైను బాగున్నట్టే” అంది.

గుడివాడ ఆయన కెమెరా పెట్టె మూసి కాసేపు విన్నాడు. కిందకి దిగి మంచం పక్కన నిలబడ్డాడు. మంచం మీది ఆయన స్క్రీన్ మీద నుంచి కళ్ళు తీయకుండా, “ఏమనుకోకండి, అమ్మట్లేదండీ” అన్నాడు.

“ఈ మాట పొద్దున్న చెప్తే ఇంట్లో పడుకునేవాణ్ణిగా.”

“పొద్దున్న నాకు తెలియదు కదండీ.”

గుడివాడ ఆయన స్క్రీన్ మీదకి వంగి, “నీడ మొత్తం తీయొద్దు. కాస్త ఉంచండి, పుడక బతికుంటుంది” అన్నాడు. ఆయన ఉంచాడు. ఆ తర్వాత గుడివాడ ఆయనా నేనూ అక్కడే భోంచేశాం. ప్రతి కంచం మీదా కృప ఉంది. అత్తయ్యగారు భోజనానికి ముందు ప్రార్థనలో గుడివాడ నుంచి వచ్చిన బిడ్డ ఖాళీ చేతులతో వెళ్తున్నాడు, దీవించు ప్రభువా అంది. నా గురించీ, ఫోన్లో నవ్విన అమ్మాయి గురించీ కూడా చెప్పింది.

ఇది చదివే కుర్రాళ్ళూ, నేను మీకు పాఠం చెప్పేంతవాణ్ణి కాదు. ఒక్క మాట మాత్రం అనుభవం మీద అంటున్నాను. కస్టమర్ ‘కనిపిస్తోంది’ అంటే సంచి సర్దుకోకండి. ఏం కనిపిస్తోందో చదివించుకోండి, అక్షరం అక్షరం. గబగబా చదివేవాళ్ళందరూ ‘కృప’ అని దాటేశారు. నా చదువు నత్తనడక కాబట్టి ఆగింది. అది నా గొప్ప కాదు. ఆ అక్షరాలు నాకు పెట్టినది ఆ పిల్ల. నా చదువు మీద నాకు నమ్మకం కలిగించింది అత్తయ్యగారి మజ్జిగ గ్లాసు. అన్నయ్యా అని పిలవకపోతే అసలు నేను వెళ్ళేవాణ్ణే కాదు. అందరికీ తలా కాస్త రుణపడి ఉన్నాను. ఆ రుణం తీర్చుకోవాలని కూడా నాకు లేదు, ఉండనివ్వండి.

మోకాళ్ళు స్తంభం ఎక్కనివ్వక నేను పని మానేసినప్పుడు ఆ దంపతులు ఆటో కట్టించుకుని బందరు మా ఇంటికి వచ్చారు. అన్నిటికంటే కష్టమైంది ఆయన్ని ఆటోలోంచి దించడమే. ఆవిడ ఒక స్టీలు క్యారేజీ నా చేతిలో పెట్టింది. నిండా అత్తయ్యగారు చేసిన పూతరేకులు. మూత మీద కొత్తగా కొట్టించిన అక్షరాలు. నేను కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చదువుకున్నాను. కర్రలు ఆన్చిన స్తంభం నుంచి నిచ్చెన దాకా నాకు తెలిసినవే. తర్వాత చిన్న గీత. గీత తర్వాత రెండు డబ్బాలున్న స్తంభం, నిచ్చెన, ఇంకా కొన్ని.

“ఏమని ఉంది బావా?” అన్నాడు ఆయన, నాకు చదవడం వచ్చో రాదో చూద్దామని.

“కృప, బందరు” అన్నాను.

“అంతే. పైన ఒకటి, కింద ఒకటి, బందరులో ఒకటి.”

తర్వాత ఇంజనీరమ్మాయి మా ఇంటికొచ్చినప్పుడు ఆ మూత చూసి, ‘బందరు’ అన్న మాటలో ఒక అక్షరం తప్పు కొట్టారని చెప్పింది. తీసుకెళ్ళి దిద్దించనా అని అడిగింది. వద్దన్నాను. రావలసిన ఇంటికి వచ్చేసింది కదా, ఇక దిద్దడమెందుకు. ఈ కాగితాల్లో నేను కొట్టిన తప్పులు అంతకన్నా చాలా ఎక్కువే ఉంటాయి. అయినా మీ దాకా చేరింది కాబట్టి, పెద్దలూ పిల్లలూ దయుంచి మన్నించండి.